మూత్రాశయ లోపంతో పుట్టిన పసికందులు.. తొలి శస్త్రచికిత్సే కీలకం

పరకాల: కాన్పు సుఖంగా జరుగుతుంది. బిడ్డ గట్టిగా ఏడుస్తుంది. బరువూ బాగానే ఉంటుంది. కానీ బొడ్డు కింద చర్మం ఉండాల్సిన చోట ఎర్రని మాంసపు ముద్ద కనిపిస్తుంది. దాని నుంచి చుక్కలు చుక్కలుగా నీరు కారుతూ ఉంటుంది. ప్రసవ గదిలోని నర్సు మొదలుకొని వరండాలో ఎదురుచూసే అమ్మమ్మ వరకు అందరినీ కలవరపరిచే ఈ స్థితిని వైద్యులు ‘బ్లాడర్ ఎక్‌స్ట్రోఫీ’ అంటారు. తెలుగులో చెప్పాలంటే తెరచుకున్న మూత్రాశయం. కారుతున్నది మూత్రం. కనిపిస్తున్నది పుండూ కాదు, కణితీ కాదు. పొట్ట లోపల సంచిలా మూసుకుని ఉండాల్సిన మూత్రాశయం విచ్చుకుని, లోపలి పొర బయటకు పరచుకున్న రూపమది.

ఇలాంటి బిడ్డను చూసి ‘బతకదు’ అనుకునే కుటుంబాలున్నాయి. ఆ అభిప్రాయం సరికాదు. ఈ బిడ్డల్లో చాలామందికి మూత్రపిండాలు, గుండె, మెదడు సాధారణంగానే ఉంటాయి. సరైన చోట, సరైన సమయంలో శస్త్రచికిత్స జరిగితే బడికి వెళ్తారు, చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లి చేసుకుంటారు. ఆలస్యం జరిగినా, అనుభవం లేని చోట తొలి ఆపరేషన్ విఫలమైనా ఆ మూల్యాన్ని బిడ్డ జీవితాంతం చెల్లించాల్సి వస్తుంది. అందుకే పల్లెల్లోని ఆశా కార్యకర్త నుంచి పట్టణ వైద్యుని వరకు అందరూ ఈ లోపం గురించి తెలుసుకోవాల్సి ఉంది.

ఎంత అరుదు?

సుమారు 30 వేల నుంచి 50 వేల జననాల్లో ఒకరికి ఈ లోపం వస్తుందని అంచనా. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెండు రెట్లకు పైగా ఎక్కువగా కనిపిస్తుంది. ఏటా రెండు కోట్లకు పైగా శిశువులు జన్మించే మన దేశంలో ఈ లెక్కన వందలాది మంది బిడ్డలు ఇలా పుడుతున్నట్లు. అరుదైన లోపం కావడంతో మండల కేంద్రంలో పనిచేసే వైద్యుడు తన ఉద్యోగ జీవితమంతటిలో ఒక్క బిడ్డనైనా చూడకపోవచ్చు. చూసిన ఆ ఒక్కసారి ఏం చేయాలో తెలియకపోవడమే అసలు సమస్య.

ఇదే కుటుంబానికి చెందిన లోపాలు మరో రెండున్నాయి. ‘ఎపిస్పేడియాస్’లో మూత్రాశయం మూసుకునే ఉన్నా మూత్రమార్గం పైభాగం తెరచుకుని ఉంటుంది. ఇది ఎక్‌స్ట్రోఫీ కంటే అరుదు. ఆడపిల్లల్లో పైకి స్పష్టంగా కనిపించదు. నాలుగైదేళ్లు వచ్చినా పగలూ రాత్రీ మూత్రం కారుతూనే ఉంటే పక్క తడిపే అలవాటుగా భావించి వదిలేస్తుంటారు. మూడోది ‘క్లోయెకల్ ఎక్‌స్ట్రోఫీ’. ఇందులో మూత్రాశయంతో పాటు పేగు కూడా బయటపడి ఉంటుంది. మూడింటిలోనూ ఇదే అత్యంత తీవ్రమైనది, అత్యంత అరుదైనది.

గ్రహణానికి సంబంధం లేదు

గర్భిణి గ్రహణం చూడటం వల్లే బిడ్డకు పెదవి చీలిందని నమ్మి దానికి ‘గ్రహణం మొర్రి’ అని పేరు పెట్టుకున్న సమాజం మనది. మూత్రాశయ లోపం విషయంలోనూ తల్లినే తప్పుపట్టే మాటలు వినిపిస్తుంటాయి. ఆమె తిన్న తిండికీ, చేసిన పనికీ, గ్రహణానికీ, పూర్వజన్మ పాపానికీ దీనితో సంబంధం లేదు.

గర్భం దాల్చిన తొలి వారాల్లో పిండం పొట్ట కింది భాగంలో పలుచని పొర ఉంటుంది. రెండు పక్కల నుంచి కండర కణజాలం వచ్చి మధ్యలో కలుసుకుని ఆ పొరను బలపరచాలి. ఆ కలయిక జరగనప్పుడు పొర చిరిగి, పొట్ట గోడ, మూత్రాశయం ముందుభాగం, మూత్రమార్గం తెరచుకునే ఉండిపోతాయి. కటి ఎముకలు సైతం ముందువైపు కలవకుండా దూరంగా నిలిచిపోతాయి. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే రూఢిగా తెలిసి ఉండదు. ఇలా జరగడానికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. ఒక బిడ్డకు ఈ లోపముంటే తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి మాత్రమే. కాబట్టి మరో బిడ్డను కనడానికి భయపడాల్సిన అవసరం లేదు.

స్కానింగ్‌లో తెలుస్తుందా?

18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కానింగ్‌లో దీన్ని పసిగట్టే వీలుంది. ఉమ్మనీరు సరిపడా ఉండి, రెండు మూత్రపిండాలూ బాగున్నా ఎంతసేపు చూసినా నిండిన మూత్రాశయం కనిపించకపోతే అనుమానించాలి. బొడ్డుతాడు మామూలు కంటే కిందుగా అతుక్కుని ఉండటం మరో సూచన. అయితే ఈ లోపం స్కానింగ్‌లో తప్పిపోవడం నేటికీ మామూలే. ముందే తెలిస్తే పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉన్న పెద్దాసుపత్రికి దగ్గరలో ప్రసవానికి ఏర్పాట్లు చేసుకోవచ్చు. పుట్టాక పరుగులు పెట్టే అవస్థ తప్పుతుంది.

తొలి గంటల్లో చేయాల్సింది

పుట్టిన చోట చేయాల్సిన పనులు నాలుగైదే. ఖర్చు కూడా దాదాపు లేనట్టే. అవి జరగకపోతేనే నష్టం ఎక్కువ.

ముందుగా, బయటపడిన మూత్రాశయం పొర ఎండిపోకూడదు, ఒరుసుకోకూడదు. దానిపై గాజుగుడ్డ, దూది వేయరాదు. అవి అంటుకుపోయి, తీసినప్పుడు పొరను గాయపరుస్తాయి. తినుబండారాలకు చుట్టే పలుచని, పారదర్శకమైన, శుభ్రమైన ప్లాస్టిక్ పొరను కప్పడమే ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతి. బట్ట మార్చిన ప్రతిసారీ గోరువెచ్చని సెలైన్ నీటితో కడిగి కొత్త పొర వేయాలి. బొడ్డుకు గట్టి ప్లాస్టిక్ క్లిప్పు పెడితే అది పక్కనే ఉన్న మూత్రాశయాన్ని గీరుతుంది. దానికి బదులు దారంతో ముడి వేయాలి. పసుపు, పౌడరు, ఆకు పసరు, నూనె వంటివేవీ రాయకూడదు.

బిడ్డకు తల్లిపాలు ఇవ్వవచ్చు, ఇవ్వాలి. వెచ్చగా ఉంచి, తల్లితో పాటే తరలించాలి. జననాంగాలు మామూలు రూపంలో లేనందున ఆడో మగో తొందరపడి చెప్పడం, కాగితంపై రాసేయడం మంచిది కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుడు పరీక్షించాకే నిర్ధారించాలి. మగబిడ్డ అయితే సున్తీ చేయించరాదు. మూత్రమార్గాన్ని సరిచేసేటప్పుడు ఆ చర్మం వైద్యులకు అవసరమవుతుంది.

శస్త్రచికిత్స సాగే తీరు

ఇది ఒక్కరోజుతో ముగిసే చికిత్స కాదన్న సంగతి తల్లిదండ్రులు మొదటే గ్రహించాలి. ప్రధానంగా రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది దశలవారీ పద్ధతి. తొలి దశలో మూత్రాశయాన్ని సంచిలా మూసి లోపలికి పంపుతారు. విడిపోయిన కటి ఎముకలను దగ్గరకు చేర్చి పొట్ట గోడను కుడతారు. పుట్టిన రెండు మూడు రోజుల్లోపు ఎముకలు మెత్తగా ఉంటాయి కాబట్టి కొందరు బిడ్డల్లో ఎముక కోయకుండానే దగ్గరకు చేర్చవచ్చు. ఆ సమయం దాటినా, ఎడం మరీ ఎక్కువగా ఉన్నా కటి ఎముకలను కోసి సరిచేయాల్సి ఉంటుంది. తర్వాత కుట్లు విడిపోకుండా కొన్ని వారాల పాటు బిడ్డ కాళ్లను కదలనివ్వకుండా పిండికట్టు వేయడమో, పైకి లాగి కట్టడమో చేస్తారు. రెండో దశలో 6 నెలల నుంచి ఏడాది వయసులో మగపిల్లల మూత్రమార్గాన్ని నిర్మిస్తారు. మూడో దశ నాలుగైదేళ్ల వయసులో ఉంటుంది. అప్పటికి మూత్రాశయం సుమారు 100 మిల్లీలీటర్లు పట్టేంత ఎదిగి, బిడ్డకు చెప్పింది వినే తెలివి వచ్చి ఉంటే, మూత్రం ఆపుకోవడానికి వీలుగా మూత్రాశయం మెడను పునర్నిర్మిస్తారు.

రెండోది తొలి ఆపరేషన్‌లోనే మూత్రాశయాన్ని, మూత్రమార్గాన్ని కలిపి సరిచేసే పద్ధతి. అమెరికా వైద్యుడు మైఖేల్ మిచెల్ 1989 నుంచి దీన్ని అమలులోకి తెచ్చారు. ఇందులోనూ కొందరికి తర్వాత మరిన్ని శస్త్రచికిత్సలు అవసరమవుతాయి.

ఏ పద్ధతి అయినా ఒక విషయంలో నిపుణులందరిదీ ఒకే మాట. తొలి మూత ఆపరేషన్ విజయవంతమైతే మూత్రాశయం ఎదుగుతుంది, మూత్రం ఆపుకునే అవకాశం మెరుగవుతుంది. అది విఫలమై కుట్లు విడిపోతే, మళ్లీ చేసిన ప్రతిసారీ ఆ అవకాశం తగ్గిపోతుంది. అందుకే 72 గంటలు దాటిపోతాయన్న తొందరలో అనుభవం లేని చోట ఆపరేషన్ చేయించడం కంటే, పొరను కాపాడుకుంటూ కొన్ని వారాలు ఆగి అనుభవమున్న బృందంతో చేయించడమే మేలు. ప్రపంచంలోని పెద్ద కేంద్రాలు సైతం ఇటీవలి కాలంలో బిడ్డకు రెండు మూడు నెలలు వచ్చేదాకా ఆగి తొలి ఆపరేషన్ చేస్తున్న సందర్భాలు పెరిగాయి.

ఈ బిడ్డల్లో గజ్జల్లో హెర్నియా రావడం ఎక్కువ. మగపిల్లల్లో మరీ అధికం. పలుమార్లు ఆపరేషన్లు జరగడం వల్ల రబ్బరు తొడుగులు పడకపోవడం మరో ఇబ్బంది. ఆ విషయాన్ని ప్రతి ఆసుపత్రిలో ముందే చెప్పాలి.

శతాబ్దంన్నర ప్రయత్నాల ఫలితం

ఈ లోపాన్ని సరిచేయాలన్న ప్రయత్నం 19వ శతాబ్దంలోనే మొదలైంది. లండన్‌లో జాన్ సైమన్ 1850వ దశకంలో మూత్రనాళాలను పెద్దపేగులోకి మళ్లించారు. మూత్రం మలంతో కలిసి వెళ్లే ఈ పద్ధతి చాలాకాలం వాడుకలో ఉంది. అయితే కలిసిన చోట ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పు ఉందని తేలడంతో దాదాపుగా మరుగునపడింది. 1906లో జర్మనీకి చెందిన ట్రెండెలెన్‌బర్గ్ కటి ఎముకలను దగ్గరకు చేర్చాల్సిన అవసరాన్ని గుర్తించారు. 1942లో అమెరికాకు చెందిన హ్యూ యంగ్ ఒక బాలికకు మూత్రాశయాన్ని మూసి, మూత్రం ఆపుకోగలిగేలా చేసిన ఫలితాన్ని ప్రకటించారు. 1970వ దశకంలో రాబర్ట్ జెఫ్స్ దశలవారీ పద్ధతికి రూపమిచ్చారు. అప్పటివరకు చాలావరకు విఫలమైన శస్త్రచికిత్స నిలకడగా ఫలితాలనివ్వడం ఆ తర్వాతనే మొదలైంది.

చికిత్స చేయించకుండా వదిలేస్తే చర్మం పుళ్లు పడటం, దుర్వాసన, తరచూ ఇన్ఫెక్షన్లు తప్పవు. తెరచి ఉన్న పొరలో పెద్దయ్యాక క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఉంది. కాబట్టి ‘ఎదిగాక చూద్దాం’ అన్న ఆలోచన ప్రమాదకరం.

మూత్రం నిలవకపోతే..

కొందరిలో అన్ని దశలూ పూర్తయినా మూత్రాశయం చిన్నగానే ఉండిపోతుంది. అలాంటివారికి చిన్నపేగు లేదా పెద్దపేగు ముక్కను కోసి, మూత్రాశయానికి అతికి దాన్ని పెద్దది చేస్తారు. దాన్ని ఖాళీ చేయడానికి సన్నని గొట్టం అవసరమవుతుంది. గొట్టాన్ని శుభ్రంగా కడుక్కుని ఇంట్లోనే రోజుకు నాలుగైదుసార్లు పెట్టుకోవచ్చని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ నిరూపించారు. ఆపరేషన్ గదిలో పాటించేంతటి క్రిమిరహిత ఏర్పాట్లు దీనికి అవసరం లేదు. 1980లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ మిట్రోఫనాఫ్ అపెండిక్స్‌ను మూత్రాశయానికీ, పొట్టపై చర్మానికీ మధ్య చిన్న దారిగా మలచే పద్ధతిని వెల్లడించారు. బొడ్డు దగ్గర కంటికి ఆనని రంధ్రం గుండా బిడ్డ తానే గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవచ్చు. దుస్తులు తడవవు.

పేగు అతికిన మూత్రాశయంలో జిగురు చేరుతుంది. రోజూ సెలైన్‌తో కడగకపోతే రాళ్లు తయారవుతాయి. గొట్టం వేళకు పెట్టుకోకుండా బాగా నిండనిస్తే మూత్రాశయం పగిలే ప్రమాదమూ ఉంది. అలాంటి బిడ్డకు హఠాత్తుగా కడుపునొప్పి, జ్వరం, వాంతులు వస్తే మామూలు నొప్పిగా భావించకుండా వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి.

కంటికి కనిపించని లోపాలు

పొట్టపై కనిపించే లోపం అందరినీ భయపెడుతుంది. కానీ కనిపించకుండా మూత్రపిండాలను దెబ్బతీసే లోపాలే సంఖ్యలో ఎక్కువ.

మగపిల్లల్లో మూత్రమార్గం మొదట్లో అడ్డుపొరలు ఏర్పడే లోపం సుమారు 5 వేల నుంచి 8 వేల మగ శిశువుల్లో ఒకరికి వస్తుంది. వీటిని ‘పోస్టీరియర్ యురెత్రల్ వాల్వులు’ అంటారు. మూత్రం ధారగా రాకుండా బొట్లుబొట్లుగా రావడం, ముక్కి పోయడం, పొట్ట కింది భాగం గట్టిగా తగలడం, జ్వరాలు దీని లక్షణాలు. మొదట గొట్టం ద్వారా మూత్రం తీసి, దూరబీనుతో చూస్తూ అడ్డుపొరలను తొలగిస్తారు. ఆపరేషన్ తేలికే అయినా అప్పటికే జరిగిన నష్టం వల్ల కొందరిలో పెద్దయ్యాక మూత్రపిండాలు విఫలమవుతాయి. ఏళ్ల తరబడి పరీక్షలు తప్పనిసరి.

మూత్రాశయం నుంచి మూత్రం మూత్రపిండాల వైపు వెనక్కి ఎగదన్నే లోపం మరొకటి. దీన్ని ఐదు స్థాయులుగా విభజిస్తారు. తక్కువ స్థాయిలో ఉన్నవి చాలావరకు వయసుతో పాటు తగ్గిపోతాయి. ఎక్కువ స్థాయిలో ఉండి, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటే మూత్రనాళాన్ని మూత్రాశయంలో కొత్తగా అమర్చడమో, నాళం ముఖద్వారం వద్ద ప్రత్యేక జిగురు పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వడమో చేస్తారు. బొడ్డు నుంచి మూత్రం కారడం, వెన్నుపూస లోపం వల్ల మూత్రాశయ నరాలు పనిచేయకపోవడం కూడా ఈ కోవలోనివే. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడితే వెన్నుపూస లోపాల ముప్పును బాగా తగ్గించవచ్చు.

పరకాల నుంచి ఎక్కడికి?

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న పరకాల 2016లో వరంగల్ గ్రామీణ జిల్లాలోకి, 2021 మార్పుల తర్వాత హనుమకొండ జిల్లాలోకి చేరింది. పేర్లు మారినా రోగి దారి మారలేదు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రి నుంచి వరంగల్ ఎంజీఎంకు, అక్కడి నుంచి అవసరాన్ని బట్టి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళ్లాలి. 1953లో ఏర్పాటైన నీలోఫర్ ఆసుపత్రిలో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది. తెలుగు కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా వెల్లూరు సీఎంసీకి కూడా వెళ్తున్నాయి. అహ్మదాబాద్ సివిల్ ఆసుపత్రిలో 2009 నుంచి భారత, అమెరికా వైద్యులు కలిసి ఏటా ప్రత్యేక శిబిరం ఏర్పాటు చేసి ఎక్‌స్ట్రోఫీ బిడ్డలకు శస్త్రచికిత్సలు చేస్తున్నారు. మొదటిసారి విఫలమైన బిడ్డలకూ అక్కడ చికిత్స అందింది.

ఎక్కడికి వెళ్లినా తల్లిదండ్రులు సంకోచం లేకుండా అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ‘ఇలాంటి ఆపరేషన్లు ఇక్కడ ఎన్ని చేశారు? ఎముకల వైద్యుడు బృందంలో ఉంటారా? పసిపిల్లలకు మత్తు ఇచ్చే నిపుణుడు ఉన్నారా? తర్వాతి దశలు కూడా మీరే చేస్తారా?’ ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడు నొచ్చుకోడు.

ఖర్చు, కూలి, బస్సు చార్జీ

ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ తర్వాత అన్ని జిల్లాలకూ విస్తరించింది. అంతకుముందు పేద కుటుంబాలకు అప్పో, భూమి అమ్మకమో, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తో దిక్కు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఈ పథకం పరిమితిని కుటుంబానికి ఏటా రూ.10 లక్షలకు పెంచారు. బిడ్డకు పేరు పెట్టకముందే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా తల్లిదండ్రుల కార్డు, జనన ధ్రువపత్రం వెంట ఉంచుకుని ఆరోగ్యమిత్రను కలవాలి.

అయితే పథకం భరించేది ఆసుపత్రి ఖర్చునే. పత్తి ఏరే కాలంలో నెల రోజుల కూలి పోవడం, ఇంట్లో మిగతా పిల్లలను చూసేవారు లేకపోవడం, ప్రతి మూడు నెలలకూ హైదరాబాద్ ప్రయాణం.. ఇవే చాలా కుటుంబాలను మధ్యలో ఆగిపోయేలా చేస్తాయి. తొలి ఆపరేషన్ అయ్యాక బిడ్డ బాగానే ఉందనుకుని తర్వాతి పరీక్షలకు వెళ్లకపోవడం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. మూత్రాశయం మూసిన తర్వాత లోపలి ఒత్తిడి పెరిగి మూత్రపిండాలకు ముప్పు వాటిల్లవచ్చు. స్కానింగ్, రక్త పరీక్షలు అందుకే.

2013 నుంచి అమలవుతున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. ఇంట్లో దాచి ఉంచిన బిడ్డ సంగతిని ఈ బృందానికి చెప్పడం చుట్టుపక్కల వారు చేయగలిగిన మేలు.

బడిలో ఒక తలుపు గడియ

చికిత్స పొందిన బిడ్డకు బడిలో కావాల్సినవి కొద్దిపాటి సౌకర్యాలే. గడియ ఉన్న మరుగుదొడ్డి, చేతులు కడుక్కోవడానికి నీరు, మూడు నాలుగు గంటలకోసారి తరగతి నుంచి వెళ్లడానికి అనుమతి ఉంటే చాలు. విషయం ప్రధానోపాధ్యాయునికీ, తరగతి ఉపాధ్యాయునికీ తెలిస్తే సరిపోతుంది. తరగతి అంతటికీ చెప్పనక్కరలేదు. వాసన వస్తోందని తోటివారు దూరం పెట్టడంతో చదువు మానేసే పిల్లలుంటారు. కేవలం గడియ లేని తలుపు వల్ల ఒక బిడ్డ చదువు ఆగిపోకూడదు.

యుక్తవయసులో అడిగేందుకు సిగ్గుపడే సందేహాలు వస్తాయి. ఈ లోపంతో పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక గర్భం దాల్చగలరు. గర్భసంచి జారే అవకాశం ఎక్కువ కాబట్టి వైద్యుల పర్యవేక్షణ అవసరం. కాన్పు సాధారణంగా సిజేరియన్ ద్వారా చేస్తారు. మగపిల్లలు వైవాహిక జీవితం గడపగలరు. సంతానం కోసం కొందరికి వైద్య సహాయం అవసరం కావచ్చు. ఈ మాటలను తల్లిదండ్రులు కాకపోయినా వైద్యులైనా వారికి వేళకు చెప్పాలి.

గుర్తుంచుకోవాల్సినవి

• బయటపడిన మూత్రాశయంపై గాజుగుడ్డ వద్దు. పలుచని శుభ్రమైన ప్లాస్టిక్ పొర కప్పాలి.

• బొడ్డుకు క్లిప్పు వద్దు. దారంతో ముడి వేయాలి.

• తల్లిపాలు ఆపకూడదు. బిడ్డను తల్లితో పాటే తరలించాలి.

• తొలి ఆపరేషన్ అనుభవమున్న కేంద్రంలోనే చేయించాలి. అందుకోసం కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు.

• మగబిడ్డ మూత్రం ధారగా పోయకపోయినా, పసిబిడ్డకు కారణం తెలియని జ్వరాలు పదేపదే వస్తున్నా మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించాలి.

• ఆపరేషన్ కాగితాలన్నీ ఒకే సంచిలో భద్రపరచాలి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అవి అవసరమవుతాయి.

• తల్లిని నిందించవద్దు. ఆ సమయంలో ఆమెకు కావాల్సింది తోడుగా ఆసుపత్రికి వచ్చే మనిషి.